అరవయ్యో టోకెన్

"అదిగో, మళ్లీ దిగాడు మహానుభావుడు!" అన్నాడు వాచ్‌మన్.

టోకెన్ల కౌంటర్లోని అమ్మాయి తలెత్తి చూసింది. అదే ముసలాయన. అవే అరిగిన చెప్పులు, మట్టి అంటిన సంచి.

ఆ ఉచిత ఆసుపత్రిలో రోజుకు అరవై టోకెన్లే. ఆయన రోజూ వరసలో నిలబడి ఒకటి తీసుకుంటాడు. డాక్టర్ దగ్గరికి మాత్రం వెళ్లడు. టోకెన్ దొరక్క ఉసూరుమంటున్నవాళ్లలో ఒకరిని పక్కకు పిలుస్తాడు. కాసేపు గుసగుసలు. టోకెన్ చేతులు మారుతుంది.

"అమ్ముకుంటున్నాడు, ఇంకేముంది!" అన్నాడు వాచ్‌మన్.

ఆమెకు ఒళ్లు మండింది. ఇలాంటి దళారీల వల్లే వేరే ఆసుపత్రిలో తన తల్లికి వంతు రాలేదు. అమ్మ దక్కలేదు.

ఆయన కౌంటర్ దగ్గరికి చేరేసరికి ఒక్క టోకెనే మిగిలింది.

"ఆలస్యమైందేం? బేరం కుదర్లేదా?"

"నడవలేకపోయానమ్మా. ఇవాళ నాకే కావాలి." ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

"రోజూ తీసుకునేది మీరేగా! ఎంతకమ్ముతున్నారేంటి?"

"అమ్మలేదు తల్లీ. నాకంటే అవసరమున్నవాళ్లు కనబడుతుంటారు."

"ఈ కబుర్లు నా దగ్గర కాదు. పైగా నటనొకటి! తప్పుకోండి."

అరవయ్యో టోకెన్ వెనకాయనకు ఇచ్చేసింది. ఆమెకు మంచి పనే చేసినట్టు అనిపించింది.

ముసలాయన "పోన్లే, అతనికీ అవసరమేగా" అన్నాడు. బెంచీ పట్టుకుని కాసేపు నిలబడి, మెల్లగా వెళ్లిపోయాడు. సంచి మర్చిపోయాడు.

వాచ్‌మన్ దాన్ని గబగబా బోర్లించాడు. చెరువు గట్టున నాటే మొక్కలు నాలుగు, ఎర్రసిరాతో దిద్దిన బడిపిల్లల నోటుపుస్తకాలు రెండు.

"దొంగ సరుకేనంటావా?" అన్నాడు. ఈసారి గొంతులో జోరు లేదు.

ఆమె వాటిని మళ్లీ సంచిలో సర్ది కౌంటర్ కింద పెట్టింది.

మర్నాడు సూపరింటెండెంట్ స్టూలెక్కి గోడకు ఒక ఫొటో తగిలిస్తున్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బతికున్నన్నాళ్లూ ఫొటో పెట్టనివ్వలేదమ్మా. నిన్న గుండె ఆగింది. ఇంటికే డాక్టర్ని పంపిస్తానని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! వరసలోనే వస్తానన్నారు."

ఫొటోలో ఉన్నది నిన్నటి ముసలాయనే.

"ఎవరు సార్ ఈయన?"

"ఫ్యాక్టరీల మీద సంపాదించిందంతా పోసి ఈ ఆసుపత్రి, ఎదురుగా ఆ బడి కట్టించి, వెనక చెరువుకు ప్రాణం పోసినాయన, టోకెన్ లేకపోతే తననైనా సరే లోపలికి పంపొద్దని మొదటిరోజే రాసిచ్చింది కూడా ఈయనే."