గుమ్మం దాటని మొగుడు

“పురిటికైనా ఆస్పత్రికి వస్తావా, రావా?” అడిగింది దిలా.

“గుమ్మం దాటితే కాల్చేస్తారే!” అన్నాడు పాలిన్, తెర సందులోంచి వీధిలోకి చూస్తూ.

“నేను పెళ్ళాడింది మొగుణ్ణా, బీరువానా?”

అతను తెర సందు మూసేశాడు.

ష్కోడర్ పట్టణంలోని ఆ ఇంటి సంగతి ఆమెకు పెళ్ళికి ముందే తెలుసు. పాలిన్‌కు ఆరేళ్ళప్పుడు అతని బాబాయి చేతిలో ప్రెంగ్ అనే ఆయన కొడుకు చచ్చిపోయాడు. రక్తానికి రక్తం అక్కడి ఆచారం; చంపినవాడి ఇంటి మగవాళ్ళలో ఎవరు బయట కనిపించినా కాల్చేయొచ్చు, ఇంట్లో ఉంటే ముట్టుకోరు. అప్పటినుంచి ఆ ఇంటి మగవాళ్ళకు గుమ్మమే సరిహద్దు. తొమ్మిదో ఏట పాలిన్ బంతి కోసం ఒక్కసారి పెరట్లోకి పరిగెత్తాడు. తూటా చెవి పక్కనుంచి దూసుకుపోయి తలుపులో దిగింది.

దూరాన దుర్రెస్ అనే ఊళ్ళో ఉండే దిలాకు అతను ఫోన్లో పరిచయమయ్యాడు. ఆ గొంతుకే పడిపోయింది. ప్రేమ ఉంటే చాలనుకుంది.

పెళ్ళై ఐదేళ్ళయింది. ఇప్పుడు ఆ ఇంట్లో వాళ్ళిద్దరే. చెప్పుల ఫ్యాక్టరీలో పని, బజారు, బిల్లులు అన్నీ ఆమెవే. ఆడవాళ్ళను పగ ముట్టుకోదు. అయినా రొట్టెల కొట్టుకు వెళ్ళి వచ్చేలోగా మూడు ఫోన్లు. ఎక్కడున్నావ్, ఎవరితో ఉన్నావ్! ప్రెంగ్ పేరు వింటే చాలు, చెమటలు పట్టి కూలబడేవాడు. ఆ ఊసు ఎవరి దగ్గరా ఎత్తనని ఆమెతో ఒట్టు వేయించుకున్నాడు.

ముందురోజు డాక్టరమ్మ మగబిడ్డ అని చెప్పింది. అంటే ఆ తెరల వెనక ఇంకో ఖైదీ.

ఆ ఉదయం దిలా రొట్టెల కొట్టు దగ్గర ఆగలేదు. ఫోన్ మోగింది.

“ఎక్కడున్నావ్?”

“లైన్లో ఉన్నా. నా ముందు నలుగురున్నారు.”

ఫోన్ పెట్టేసి ప్రెంగ్ ఇంటి గేటు తోసింది.

ముసలాయన ద్రాక్షతీగ కత్తిరిస్తున్నాడు. దిలా మోకాళ్ళ మీద కూలబడింది.

“పెద్దాయనా, మీకు దణ్ణం పెడతా! మా ఆయన్ని వదిలెయ్యండి. కనీసం నా బిడ్డనైనా వదిలెయ్యండి!”

“లే తల్లీ, లే. ఎవరి కోడలివమ్మా నువ్వు?”

“లెషి వాళ్ళ కోడల్ని. పాలిన్ పెళ్ళాన్ని. ఒక్కసారి వచ్చి క్షమించానని చెప్పండి. లేదంటే ఈ వారమే నేను అతన్ని వదిలి పోవాలి. బిడ్డని ఆ చీకట్లో పెంచలేను.”

ప్రెంగ్ చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆమెను వింతగా చూశాడు.

“ఆ పగ చల్లారి ఎనిమిదేళ్ళయింది తల్లీ, ఆ రోజు మీ ఇంట్లో రాజీ విందుకు కూర్చున్న మాకు కొసరి కొసరి వడ్డించింది మీ పాలినే.”