తల తిరగని ఉస్తాద్

ఉస్తాద్ షెహాతా మా కైరో తన్నూరా నాట్య జట్టుకు గురువు. రంగుల పావడా కట్టి అరగంట గిరగిరా తిరిగినా తూలడు. అంతటివాడు మొన్న ఆట మధ్యలో కరెంటు పోగానే తూలి జనం మీద పడ్డాడు. డాక్టరు సరేనంటేనే మళ్ళీ ఆట అన్నారు జట్టువాళ్ళు. డప్పు కొట్టే నేనే వెంట వెళ్ళాను.

డాక్టరమ్మ ఆయన్ని తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి జోరుగా తిప్పింది.

"తల తిరుగుతోందా, ఉస్తాద్?"

"నువ్వింకా మొదలెట్టలేదనుకున్నా తల్లీ. మనసు శుభ్రంగా ఉన్నోడికి తల తిరగదు."

కళ్ళు మూసుకుని నిలబడమంది. నరికిన మానులా కూలబోతే నేను పట్టుకున్నాను.

"మీ చెవుల్లో ఒంటి తూకం చూసే భాగం ఎప్పుడో చచ్చిపోయింది," అందామె. "తిరుగుతున్న కబురే మెదడుకు చేరదు. కళ్ళతో నెట్టుకొస్తున్నారు. చీకట్లో అవీ లేవు. చెవులు బాగున్నవాళ్ళు ఇలా తిరిగితే మొదట్లో వాంతి చేసుకుంటారు. అది ఆరోగ్యం."

ఉస్తాద్ నా వైపు చూడలేదు.

కుర్రతనంలో నేను మొదటి పాఠంలోనే వాంతి చేసుకుంటే, వీడి మనసు కుళ్ళిపోయిందని నలుగురిలో చెప్పి, పావడా లాక్కుని డప్పు చేతికిచ్చింది ఈయనే.

"ఆ వాంతి సంగతి ఇంకోసారి చెప్పు తల్లీ," అన్నాను. "తీరిగ్గా చెప్పు."