ఎదురెదురు గదులు

“ఆ పెద్దమనిషి మొహం చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు సార్. ఏం చెప్పాలన్నా మీరే వెళ్ళి చెప్పండి,” అంటూ కార్మిక సంఘం నాయకుడు హుడాక్ తలుపు సగం మూసేశాడు.

హార్క్‌నెస్ నడవా దాటి ఎదురుగదికి వెళ్ళాడు. ప్రభుత్వం తరఫున రాజీ కుదర్చడానికి వాషింగ్టన్ నుంచి పిట్స్‌బర్గ్‌లోని ఈ హోటల్‌కు వచ్చినప్పట్నుంచీ అతని పని ఇదే. ఎదురుగదిలో ఉక్కు కంపెనీ ఉపాధ్యక్షుడు లాత్రప్ మళ్ళీ పాత పాటే ఎత్తుకున్నాడు. ప్రభుత్వం ఉక్కు ధర పెంచనివ్వదు, సంఘమేమో కూలి పెంచమంటుంది, తేడా తన జేబులోంచి తెచ్చివ్వాలా అని.

హార్క్‌నెస్‌కు కాళ్ళు పీకుతున్నాయి. కడుపులో పుండు మండుతోంది. కొరియాలో యుద్ధం నడుస్తున్న రోజులు. సమ్మె వచ్చి కొలుములు చల్లారితే పైవాళ్ళు తననే అంటారు.

బుధవారం ఒహాయో నుంచి వదిన ఫోన్ చేసింది. అన్న పోయాడు. తండ్రి లేని తనను పెంచి చదివించినవాడు. హార్క్‌నెస్ కారణం చెప్పకుండా, ఒక్క రోజు ఊరెళ్ళి వస్తానని మాత్రం ఇద్దరినీ అడిగాడు.

“మీరు గడప దాటితే మావాళ్ళు పని ఆపేస్తారు సార్,” అన్నాడు హుడాక్. మీరు వెళితే చర్చలు ముగిసినట్టేనని లాత్రప్ కూడా తేల్చేశాడు. హార్క్‌నెస్ ఉండిపోయాడు. అక్కడ అన్నను మట్టిలో కలుపుతున్న వేళ, ఇక్కడ నడవాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు.

మర్నాడు ఇక ఓపిక చాలక వాషింగ్టన్‌కు ఫోన్ చేశాడు. వీళ్ళిద్దరూ ఈ జన్మలో ఒక మాట మీదకు రారని, ధర పెంచనిస్తే తప్ప దారి లేదని బతిమాలాడు. సాయంత్రానికి పైవాళ్ళు ఒప్పుకున్నారు. ఆ కబురు అందిన గంటలోపే రెండు గదుల్లోనూ సంతకాలైపోయాయి.

హోటల్ గుమ్మం దగ్గర హుడాక్ అతని పెట్టె అందుకుని టాక్సీలో పెట్టాడు. ఇంటికేనా అని అడిగాడు.

“మా అన్న సమాధి దగ్గరికి. నిన్ననే పూడ్చారు.”

హుడాక్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“ఆ మాట మాకు ముందే చెప్పాల్సింది సార్.”

“చెబితే మాత్రం? మీరిద్దరూ రాజీపడేవారా?”

హుడాక్ తలెత్తలేదు.

“మీరు రాకముందే రాజీపడ్డాం సార్. ధర పెంచడానికి వాషింగ్టన్‌ను ఒప్పించడానికే ఈ రెండు గదులూ.”