పడవ ఎక్కిన ఆడమనిషి

పడవలో ఆడమనిషి ఎక్కితే పడవ మునుగుతుంది. మా సన్రికు తీరంలో ఈ సంగతి రేవులో తిరిగే కుక్కలకి కూడా తెలుసు. జాలరి ఇల్లాలు కినోకి మాత్రం ఆ రోజు తెలియకుండా పోయింది.

తెరచాప కొయ్య మొదట్లో పడవ దేవత ఉంటుంది. ఆవిడా ఆడదే. ఇంకో ఆడదాన్ని చూస్తే ఓర్వదట. మగవాళ్లు చెప్పారు కాబట్టి నిజమే అయ్యుంటుంది.

కినో చంకలో ఏడాది నిండని కొడుకు తొరామత్సు. గొంతులో కఫం అడ్డుపడి ఊపిరి ఈలలా వస్తోంది. పెదాలు నీలంగా మారుతున్నాయి. వైద్యుడు ఉండేది సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ముకి అవతల పట్నంలో. వానలకి కొండదారి విరిగి పడింది. ఇక మిగిలింది సముద్రం.

పైగా ఆ రోజు మగపిల్లల పండగ. ఇంటింటి మీదా కాగితం చేపలు ఎగురుతున్నాయి. పడవలన్నీ ఒడ్డుకి లాగేశారు. ఊరు ఊరంతా సాకే సారా జాడీలు ఖాళీ చేసే పనిలో ఉంది.

“పిల్లాణ్ణి మొగుడికిచ్చి పంపు,” అన్నాడు రేవు పెద్ద గెన్జో.

“పాలు ఆయనిస్తాడా?” అంది కినో.

అందరూ నవ్వారు, గెన్జో తప్ప. అప్పుడే కాళ్ల కింద నేల చిన్నగా వణికింది. అక్కడ అది మామూలే. జాడీలు ఒలక్కుండా పట్టుకున్నారు, అంతే.

“చూశావా, భూమి కూడా వద్దంటోంది,” అన్నాడు గెన్జో. “ మునిగాక మా గుమ్మం ముందుకొచ్చి ఏడవకండి.”

“మునిగాక ఎలా వస్తాం పెద్దాయనా?” అన్నాడు కినో మొగుడు యోసాకు, పడవని నీళ్లలోకి తోస్తూ.

ఆ పడవలో సగం వాటా అతని బాబాయి కిచిజోది. అందుకని ఆయనా ఎక్కాడు. సాయానికి కాదు, తన సగం మునక్కుండా చూసుకోడానికి.

పట్నంలో వైద్యుడు గొంతులోని కఫం తీసి, మందు పోశాడు. పిల్లాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు విని కినో నవ్వింది.

సాయంత్రం తిరుగు ప్రయాణం. పడవ ఎక్కేముందు నేల మళ్లీ చిన్నగా వణికింది, ఎవరూ పట్టించుకోలేదు. కొండకొమ్ము చుట్టూ రాళ్లు, అందుకే నడిసముద్రం మీదుగా రావాలి. గాలి లేదు. నీళ్లు పళ్లెంలో పోసినట్టున్నాయి. అయినా కినో ఒక చేత్తో పిల్లాణ్ణి, ఇంకో చేత్తో పడవ అంచుని బిగించి పట్టుకుంది.

“ఈపాటికి రెండో పీపా తెరిచుంటారు,” కిచిజో మూలిగాడు. “ఆకుల్లో చుట్టిన మోచీ బియ్యప్పిండి ఉండలు కూడా మిగలవు. పండగ పూట మనకేమో వీడి ఈల పాట!”

“ఈల ఆగిపోయి చాలాసేపైంది బాబాయ్.”

అప్పుడు పడవ మెల్లగా పైకి లేచింది. మెల్లగా దిగింది. ఎవరో నిద్రలో ఒత్తిగిల్లినట్టు. తొరామత్సు కళ్లు కూడా విప్పలేదు.

కిచిజో మాత్రం దిగ్గున లేచాడు. “అమ్మవారు కదిలింది! దండం పెట్టు కోడలా, దండం పెట్టు!”

కినో కొయ్య మొదట్లో నుదురు ఆనించింది. “తల్లీ, నీ కోపం పడవ మీద చూపించకు.”

“మరెక్కడ చూపించమంటావు?” కసిరాడు కిచిజో. “గట్టెక్కాక నీ పని చెప్తా. నీ చేత్తోనే పడవంతా ఉప్పు చల్లించి, దేవతకి సాకే పోయించి...”

“అలాగే మామయ్యా. ఈ జన్మలో మళ్లీ పడవ ఎక్కను. నన్ను రేవులో దింపేయండి చాలు. ఒక్కసారి కాలికి నేల తగిలితే నాకింక ఏ భయమూ లేదు.”

“ఇప్పుడొచ్చింది బుద్ధి!”

పడవ కొండకొమ్ముని చుట్టి ఊరివైపు తిరిగింది. ముందు ఒక తలుపు తేలుతూ ఎదురొచ్చింది. తర్వాత ఒక ఇంటి కప్పు. తెడ్లు ఆగిపోయాయి, ముగ్గురూ చూస్తుండిపోయారు.

నడిసముద్రంలో పసివాడి నిద్రైనా చెడగొట్టకుండా పడవ కిందనించి జారిపోయి, గట్టు మీద పండగ చేసుకుంటున్న ఊరినంతా ఊడ్చుకుపోయిన ఆ అలకి మా తాతముత్తాతలు కడలి అల అని కాదు, రేవు అల అనే పేరు పెట్టారు: సునామీ.