కుట్టుమిషన్ ప్రాక్టికల్స్

పిల్లలు పని నేర్చుకోవాలని సర్కారు గ్రాంటుతో కేజీఎఫ్‌లో ఒక హైస్కూలుకు కరెంటు కుట్టుమిషన్లు వచ్చాయి. హెడ్మాస్టర్ ఆంజనప్ప వాటిని గదిలో పెట్టి తాళం వేశాడు. ఆయుధపూజకు మాత్రం తీస్తాడు. ఒక్క సూదీ విరగని బడిగా జిల్లాలో మంచి పేరొచ్చింది.

“మేం కుట్టేదెప్పుడు సార్?” అని ఒక పూజరోజు ఆ బడిలో చదివే సౌభాగ్య అడిగింది.

“చెడిపోతే ఆడిటోళ్లకి నువ్వు జవాబు చెప్తావామ్మా? ఇంగ పొయ్యి కుంకుమ ఎత్తుకోని రా.”

ప్రాక్టికల్ పరీక్షకు వచ్చిన ఎగ్జామినర్, నేర్చుకున్నది చేసి చూపించమన్నాడు. సౌభాగ్య మిషనుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి, హారతిచ్చింది. ఆయన హారతి కళ్లకద్దుకుని నూటికి నూరు వేశాడు.

ఆ మార్కులు చూసి, సర్కారు ఖర్చుతోనే ఆమెను బెంగళూరులో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీకి ట్రైనింగుకు పంపారు. సూపర్‌వైజర్ మిషను చూపించి, “ఊఁ, కానీయమ్మా,” అన్నాడు.

సౌభాగ్య చెప్పులు విప్పింది.

“నిమ్మకాయ యాడుండాది సార్?”