ఒకే జాడీలో

“ఇంకెంత సేపండీ?” ఆమె మళ్లీ అడిగింది.

“ఇంకా మొదలే పెట్టలేదమ్మా,” అన్నాడు మేస్త్రి. ఉంగరాలు రెండూ బల్ల మీదే ఉన్నాయి.

పాత బంగారం శుద్ధి చేయడం అతని పని. విరిగిన నగలు, కంసాలి దుకాణాల్లో ఊడ్చిన దుమ్ము, పాత కంప్యూటర్ల పలకలు, ఏది తెచ్చినా యాసిడ్‌లో కరిగించి అందులోని బంగారాన్ని విడిగా రప్పిస్తాడు. అయితే ఒక ఆడమనిషీ మగమనిషీ కలిసి వచ్చి, చెరొక ఉంగరం తీసి బల్ల మీద పెట్టడం రోజూ జరిగేది కాదు.

“పెళ్లి ఉంగరాలేనా?”

“ఆ,” అన్నాడు ఆమెతో వచ్చినతను, కిటికీలోంచి బయటికి చూస్తూ.

“రెండు జాడీల్లో విడివిడిగా వేస్తాను. ఎవరిది వాళ్లకొస్తుంది. కాకపోతే ఒకటి అయ్యాకే ఇంకోటి, రెండోది రేపటికి.”

“రేపా!” ఇద్దరూ ఒక్కసారే అన్నారు. “రేపు పొద్దున్నే ఆఫీసులో సంతకాలున్నాయండీ,” అందామె. “కలిపే వేసెయ్యండి. ఇవాళే అయిపోవాలి.”

“కలిపితే ఏది ఎవరిదో తేల్చడం ఎవరి తరమూ కాదు.”

“తేల్చక్కర్లేదు,” అన్నాడతను.

మేస్త్రికి మనసు చివుక్కుమంది. సంతకాలట. ఒక్క పూట కూడా ఆగలేనంత తొందరట. అనుకోకుండానే తన ఇల్లు గుర్తొచ్చింది. కిందటి వారం భార్య వాళ్ల అక్క ఇంటికి వెళ్లిపోయింది. గొడవ చిన్నదే. డాబా మీద ఆరేసిన ఆమె చీరకు యాసిడ్ పొగ తగిలి చిల్లులు పడ్డాయి. ఆమె ఒకటంది, తను నాలుగన్నాడు. ముందు ఫోన్ ఎవరు చెయ్యాలన్న పంతమే ఇప్పుడు మిగిలింది.

ఉంగరాలను సుత్తితో సాగగొట్టి, సన్నగా కత్తిరించాడు. సుత్తి పడిన ప్రతిసారీ ఆమె భుజాలు అదిరాయి.

“ఎన్నేళ్ల కాపురమమ్మా?”

“పద్దెనిమిది. ఇది తొడిగేటప్పుడు ఆయన చేతిలోంచి జారింది. ఉంగరం కింద పడి ఎటో దొర్లిపోయింది. అందరూ ఒకటే నవ్వు.”

పక్కనున్న మనిషి మాత్రం నవ్వలేదు. గోడ మీది క్యాలెండర్ కేసి చూస్తున్నాడు. ఎంత రాతిగుండె అనుకున్నాడు మేస్త్రి.

“మీరేమీ అనరేం సార్?”

“నా ఉంగరం అసలు తియ్యనిచ్చేది కాదు. స్నానానికి తీసినా పోట్లాటే.”

“మరిప్పుడో?”

“ఇప్పుడు పోట్లాడేదెవరు?” అన్నాడతను మెల్లగా. తర్వాత స్టూలు ఆమె వైపు జరిపి, “మీరు కూర్చోండి,” అన్నాడు.

కట్టుకున్నదాన్ని ‘మీరు’ అంటున్నాడు! మనసులు విరిగాక మాట కూడా పరాయిదైపోతుంది కాబోలు.

“పిల్లలేమన్నారు?” ఉండబట్టలేక అడిగాడు మేస్త్రి.

“మా వాడు నీ ఇష్టం అమ్మా అన్నాడు.”

“మా అమ్మాయే మాట్లాడటం మానేసింది,” అన్నాడతను.

పిల్లలు కూడా చెరో పక్కకు చీలిపోయారన్నమాట. మేస్త్రి నిట్టూర్చి, ఫ్యాన్ వేసి, యాసిడ్ పోశాడు. గోధుమరంగు పొగ గొట్టంలోకి లేచింది. ముక్కలు చిన్నవవుతూ, పలచబడుతూ, కాసేపటికి కనబడకుండా పోయాయి. జాడీలో పసుపుపచ్చటి నీళ్లు మిగిలాయి. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడిచినవి అద్దాలు మాత్రమే కావు.

“ఒక్కమాట చెప్తాను, ఏమనుకోకండి,” అన్నాడు మేస్త్రి. “ఇద్దరికీ ఇంత బాధ ఉన్నప్పుడు, ఇంకోసారి ఆలోచించుకోకూడదా?”

“చాలా ఆలోచించామండీ,” అందామె. “మీ పని కానివ్వండి.”

నీళ్లు వడగట్టాడు. వెండి తెల్లటి మడ్డిగా కాగితం మీద నిలిచిపోయింది. కిందికి దిగిన నీళ్లలో, బంగారాన్ని విడగొట్టే అన్నభేది కలిపిన నీళ్లు పోశాడు. చూడ్డానికి ఏమీ జరగలేదు. ఆమె స్టూలు మీంచి లేచింది, మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది.

“పోయిందా ఏంటి?”

“ఎక్కడికీ పోదమ్మా. నీళ్లలో ఉంటుంది, మన కంటికి కనబడదంతే.”

ఆ మాట తన చెవికే కొత్తగా వినిపించింది. జాడీలో గోధుమరంగు పొడి మెల్లగా అడుక్కి దిగుతోంది. దాన్ని అలాగే వదిలేసి, మేస్త్రి వాకిట్లోకి వెళ్లి ఫోన్ తీశాడు.

“నేను.”

“తెలుసు. పేరు కనబడుతోంది.”

“భోంచేశావా?”

“ఇది అడగడానికా ఫోను?”

“పొగ గొట్టం ఇంకా పైకి పెట్టిస్తాను. చీర కూడా... నువ్వే చూసుకుని కొనుక్కుందువుగాని.”

“తాళంచెవి పక్కింట్లో ఇవ్వు. సాయంత్రం వస్తాను,” అని పెట్టేసింది.

మేస్త్రి లోపలికి వచ్చేటప్పటికి కాళ్లు తేలికయ్యాయి. పొడిని వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి, వెలిగారం పొడి చల్లి, మూసలో పెట్టి కొలిమి మీద కరిగించాడు. ఎర్రగా కుతకుతలాడిన బంగారం చల్లారి, చిక్కుడు గింజంత పచ్చటి ముద్ద అయింది. ఉంగరాల మీది ఏ గీతా లేదు, ఏ అక్షరమూ లేదు. కత్తెర చేతిలోకి తీసుకున్నాడు కానీ కొయ్యడానికి చెయ్యి రాలేదు.

“చెరి సగం చెయ్యమంటారా?”

“వద్దు. అలాగే ఇవ్వండి,” అన్నాడతను.

మేస్త్రి ముఖం వెలిగింది. “అంటే మనసు మార్చుకున్నారా? రేపు సంతకాలు మానేస్తున్నట్టేనా?”

వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంతసేపటికి మొదటిసారి ఆమె నవ్వింది.

“ఈ ఉంగరాలు మాకు తొడిగినవాళ్లు ఇద్దరూ ఇప్పుడు లేరు. రేపు మా పెళ్లండీ.”