అరువు హాజరు

పక్కింట్లో చారెడు ఉప్పు అడిగి తెచ్చుకున్నట్టు, పక్క బడి నుంచి పంతొమ్మిది మంది పిల్లల్ని ఒక్కపూట అరువు తెద్దామన్న దొంగ ఆలోచన అటెండరుదే.

తేక ఏం చేస్తాడు మరి? వచ్చే ఏటి బడ్జెట్లో ఏ బడికి కొత్త గదులు కట్టాలి, ఏ బడికి తాళం వెయ్యాలి అని పైవాళ్ళు తేలుస్తున్నారు. అరవై తలలుంటే గదులు. ఒక్క తల తగ్గినా తాళం. ఈ బడిలో ఉన్నవి నలభై ఒకటి. తాళం పడిందంటే, మూడో తరగతి చదివే అటెండరు మనవరాలు రోజూ లారీలు పరుగెత్తే పెద్దరోడ్డు దాటి అవతలి బడికి పోవాలి. అది తల్చుకుంటేనే ఆయనకు ముద్ద దిగడం లేదు.

"దొరికిపోతే ఇద్దరం ఇంటికే," అంది హెడ్మిస్ట్రెస్.

"దొరకమమ్మా. అవతలి బడి వాచ్‌మన్ మా బావే. పది గంటలకల్లా వెనక గేట్లోంచి పిల్లల్ని తోలేస్తానన్నాడు. యూనిఫాం రంగు కూడా ఒకటేనాయె."

తలలు లెక్కపెట్టాల్సిన ఇన్‌స్పెక్టరు తొమ్మిదిన్నరకే దిగాడు. చంకలో ఫైలు, నవ్వితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు బిగించిన మూతి. మంచినీళ్ళని, కుర్చీ అని, కారుతున్న కప్పు చూడండని అటెండరు ఆయన్ని ముందు వరండాలోనే అరగంట తిప్పాడు. పాపం, ఆయనా తొందరపడలేదు.

పది కొట్టింది. వెనక గేటు కిర్రుమంది. బిలబిలమంటూ పిల్లలొచ్చి ఖాళీ బెంచీల్లో సర్దుకున్నారు. అటెండరు కిటికీలోంచి వేళ్ళమీద లెక్కపెట్టాడు. పంతొమ్మిది అడిగితే ఇరవై ఒకటి! బావది మొదట్నుంచీ పెద్ద చెయ్యే.

ఇన్‌స్పెక్టరు తలలు లెక్కపెడుతూ వచ్చాడు. రెండో బెంచీలో బొద్దుగా ఉన్న ఒకడు చిటికెనవేలు పైకెత్తాడు.

"సార్, ఇక్కడ బాత్రూం ఎటుంది?"

అటెండరు గుండె జారి అరికాళ్ళలో పడింది. హెడ్మిస్ట్రెస్ ముఖం సున్నం కొట్టినట్టయింది.

"కొ... కొత్తగా చేరాడండీ," అంది.

"తెలుస్తూనే ఉంది," అని ఇన్‌స్పెక్టరు గట్టిగా దగ్గాడు. "అటెండరుగారూ, చూపించి రండి."

వాణ్ణి తీసుకెళ్ళి తిరిగొచ్చేసరికి ఫైలు మీద సంతకం పడిపోయింది. అరవై రెండు తలలు, నాలుగు కొత్త గదులు. హెడ్మిస్ట్రెస్ కుర్చీలో కూలబడి కొంగుతో విసురుకుంటోంది. ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయాడు. అరువు పిల్లలూ ఒక్కొక్కరే వెనక గేటువైపు జారుకున్నారు.

అంతలో అటెండరు జేబులో ఫోను మోగింది. బావ.

"బావా! నీ మేలు ఈ జన్మకి మర్చిపోను. అడిగినదానికన్నా ఇద్దర్ని ఎక్కువే పంపావు!"

"ఎగతాళా, బామ్మర్దీ? మా పెద్ద టీచరు పసిగట్టి గేటుకి తాళమేసింది. ఒక్క పిల్లకాయనీ పంపలేకపోయాను. ఆ సంగతి చెబుదామనే పొద్దుట్నుంచీ చేస్తున్నా, నువ్వు ఎత్తితేగా!"

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అటెండరు వెనక గేటుకి పరుగెత్తాడు.

గేటు బయట ఒక వ్యాను ఆగి ఉంది. దాని తలుపు పట్టుకుని నిలబడి, ఇన్‌స్పెక్టరు ఆ ఇరవై ఒక్కరినీ లోపలికి తోస్తున్నాడు.

"ఎక్కండర్రా, త్వరగా! సాయంత్రంలోపు ఇంకో రెండు బడులున్నాయి. నా కింద ఒక్క బడి తగ్గినా, ముందు తాళం పడేది నా ఆఫీసుకే!"